స్కిజోఫ్రీనియా ట్రయల్: ఉత్తుత్తి మాత్రా, పాత మందా?

స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బుకి కొత్త మందు వస్తే, ట్రయల్‌లో (రోగుల మీద చేసే పరీక్షలో) దేనితో పోల్చి చూడాలి? మందేమీ లేని ప్లసీబో మాత్రతోనా, ఇప్పటికే వాడుతున్న రిస్పెరిడోన్ లాంటి దానితోనా?

ప్లసీబోతో అయితే లెక్క త్వరగా తేలుతుంది, తక్కువమంది రోగులు చాలు. కానీ 1950ల నుంచీ మందులున్న జబ్బిది. ప్లసీబో కోసం అవి ఆపితే కొందరికి చెవిలో మాటలు మళ్లీ మొదలవుతాయి, నిద్ర కరువవుతుంది, విషం కలిపారంటూ అన్నం పళ్లెం తోసేస్తారు. ఆ కొన్ని వారాల నష్టం అందరికీ తిరిగి పూడేది కాదు. హెల్సింకి ప్రకటన (వైద్య పరిశోధనకు ప్రపంచ వైద్య సంఘం పెట్టిన నీతి సూత్రాలు) కూడా ప్లసీబోని పూర్తిగా కాదనలేదు గానీ, తీవ్రమైన లేదా కోలుకోలేని హాని ముప్పు పెరగకూడదంది.

పాత మందుతో పోలిస్తే అందరికీ వైద్యం అందుతుంది. రోగులు ఎక్కువమంది కావాలి, ఖర్చూ ఎక్కువే. ఇంకో చిక్కు: రెండూ సమానమని తేలితే, రెండూ పనిచేసినట్టా, రెండూ చేయనట్టా? (ప్లసీబోకే చాలామంది మెరుగుపడిన ట్రయల్స్ ఉన్నాయి మరి.)

నా ఓటు రెండోదానికే. ప్లసీబో తప్పదంటే, వాడే మందు ఆపకుండా దానికి జోడించి చూడొచ్చు.

సంతకం సంగతీ ఉంది. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పరిశోధనకు రోగి సమ్మతి కావాలి. ఇవ్వలేని స్థితిలో ఉంటే, అతను వద్దనకపోయినా రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ అనుమతి తప్పనిసరి. ఓపీ బయట అన్నయ్యతో గబగబా పెట్టించే సంతకం చాలదు.