కొత్త బ్యాండ్‌కి ఏ పాఠం: సోనిక్సా, రామోన్సా?

సోనిక్స్ 1960లలో వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాలో వాయించిన గరాజ్ (పచ్చిగా, కరుకుగా వినిపించే రాక్) బ్యాండ్. రామోన్స్ 1974లో న్యూయార్క్‌లో మొదలైన పంక్ (వేగంగా, సూటిగా సాగే రాక్) బ్యాండ్. కొత్తగా బ్యాండ్ పెట్టినవాళ్లు ఎవరి పాటలు వాయిస్తూ నేర్చుకోవాలో చూద్దాం.

మనుషులు: సోనిక్స్‌కి ఐదుగురు కావాలి, అందులో ఒకరు శాక్సోఫోన్, ఒకరు కీబోర్డ్. రామోన్స్‌కి నలుగురు చాలు. ఖర్చు తేడా ఇక్కడే తేలిపోతుంది. శాక్సోఫోన్ కొనడం ఒక ఎత్తు, వాయించేవాణ్ణి వెతికి పట్టుకోవడం ఇంకో ఎత్తు.

శ్రమ: రామోన్స్ సులువని అందరూ అంటారు. చాలావరకు మూడు బారే కార్డ్‌లే (ఒక వేలిని తీగలన్నిటి మీదా అడ్డంగా నొక్కి పట్టే స్వరాల గుంపులు), నిజమే. కానీ వాళ్ల గిటారిస్టు జానీ రామోన్ దాదాపు అన్నీ డౌన్‌స్ట్రోక్‌లే, అంటే తీగలను పైనుంచి కిందికి మాత్రమే, కొట్టాడు. ఆ వేగంలో రెండో పాటకే మణికట్టు బిగుసుకుపోతుంది. చెయ్యి పైకీ కిందికీ ఆడించి తప్పించుకుంటే ఆ కరుకుదనం పోతుంది. నెమ్మదిగా మొదలుపెట్టి మెట్రోనోమ్ (టిక్‌టిక్‌మంటూ లయ చూపే పరికరం) వేగాన్ని కొద్దికొద్దిగా పెంచండి. రామోన్స్ 1976 నాటి తొలి ఆల్బమ్‌లో బేస్ ఒక స్పీకర్‌లో, గిటార్ మరోదాంట్లో వినిపిస్తాయి. ఒకవైపు ఆపేసి ఆ భాగం మీరు వాయించవచ్చు. ఇంతకన్నా మంచి గురువు దొరకడు.

ప్రమాదం: సోనిక్స్‌తో గొంతుకి. వాళ్ల గాయకుడు జెర్రీ రోస్లీలా అరవబోతే రోజుల తరబడి మాట రాకపోవచ్చు.

రికార్డింగ్: సోనిక్స్ డ్రమ్స్‌కి ఒక్క మైకే వాడారు. మీరూ అలాగే చేయొచ్చు, డ్రమ్మర్ దెబ్బ సమంగా పడితేనే.

గిటార్ కొత్తగా పట్టినవాళ్లు, చేతిలో డబ్బు లేనివాళ్లు రామోన్స్‌తో మొదలుపెట్టండి. గట్టి డ్రమ్మర్, అరవగల గాయకుడు ముందే ఉంటే సోనిక్స్.