చప్పుడు రాదు, వేగం 1,200 అంటే నమ్మకండి: ఎయిర్ రైఫిల్ కొని మోసపోయాను

పిల్లల ప్రాక్టీసు కోసం ఎయిర్ రైఫిల్ కొందామని చూస్తున్న హైదరాబాద్ తల్లిదండ్రులు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి.

మా అమ్మాయి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. మేముండేది నిజాంపేటలో, అపార్ట్‌మెంట్‌లో. హాలు మొదలు నుంచి వెనక గది గోడ దాకా సరిగ్గా పది మీటర్లు వస్తుంది. పక్క ఫ్లాట్‌లో నెలల పసిబిడ్డ ఉంది కాబట్టి చప్పుడు తక్కువ వచ్చేది కావాలని నగరంలోని ఒక దుకాణానికి వెళ్లాను. ‘ఇన్‌బిల్ట్ సైలెన్సర్ అన్నా, పక్క గదిలోకి కూడా వినపడదు. వేగం సెకనుకు 1,200 అడుగులు’ అన్నాడు. ఫోన్‌లో ఒక విదేశీ వీడియో చూపించాడు. రైఫిల్ పేలితే ‘టిక్’మని మాత్రమే వినిపించింది. 18,500 రూపాయలు కట్టేశాను.

ఇంట్లో మొదటి షాట్‌కే పసిబిడ్డ లేచి ఏడ్చింది. మర్నాడు షూటింగ్ రేంజికి తీసుకెళ్తే కోచ్ గారు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీద పెట్టి చూశారు. 0.53 గ్రాముల పెల్లెట్‌తో (ఎయిర్ రైఫిల్లో వేసే చిన్న గుండుతో) సెకనుకు 640 అడుగులు వచ్చింది. చెప్పినదాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. నిజానికి పది మీటర్లకు ఆ వేగం చాలు. పోటీల్లో వాడే రైఫిళ్లు 570 అడుగుల దగ్గరే ఉంటాయట. అవసరమే లేని అంకె చెప్పి నా చేత కొనిపించారన్నదే నా బాధ.

ఆ వీడియోలోది అసలు ఎయిర్ రైఫిలే కాదని కోచ్ గారు చూడగానే చెప్పారు. అది .22 రిమ్‌ఫైర్, అంటే మందుగుండుతో పేలే తుపాకీ. అలాంటి వాటిలో బ్యారెల్ చుట్టూ సైలెన్సర్ గొట్టం కలిసే ఉంటుంది. కొన్నింటిలో బ్యారెల్‌కే రంధ్రాలుంటాయి. వాటిలోంచి కొంత గ్యాస్ పక్కకు పోవడంతో తూటాను తోసే బలం తగ్గుతుంది. మామూలుగా 1,250 అడుగులతో వెళ్లే తూటా ధ్వని వేగం కన్నా కిందికి దిగుతుంది. ధ్వని వేగం దాటిన తూటా గాల్లో ‘ఫట్’మని చేసే శబ్దాన్ని ఏ సైలెన్సరూ ఆపలేదు కాబట్టే ఈ ఏర్పాటు. 1960లో సోవియట్ యూనియన్‌లో కూలిన అమెరికా గూఢచారి విమానం యూ-2 పైలట్ గ్యారీ పవర్స్ దగ్గర దొరికిన పిస్టల్ కూడా ఈ కోవదే. అంటే అక్కడ నిశ్శబ్దం కోసం వేగాన్ని వదులుకుంటారు. మన దుకాణదారు రెండూ ఉన్నాయన్నాడు. 20 డిగ్రీల దగ్గర ధ్వని వేగం సెకనుకు 1,125 అడుగులు. నిజంగా 1,200 వచ్చి ఉంటే మా హాల్లో ప్రతి షాటూ ఫట్‌మనేది.

నేను కొన్నది స్ప్రింగ్ రైఫిల్. అందులో చప్పుడు చాలావరకు లోపలి స్ప్రింగు, పిస్టన్ కొట్టుకోవడం వల్లే వస్తుంది. బ్యారెల్ చివర గొట్టం పెట్టి లాభం లేదు. విప్పి చూస్తే అది ఉత్త బోలు గొట్టం.

ఇక్కడ నాకు అసలు టెన్షన్ మొదలైంది. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల కాలిబర్ (బ్యారెల్ లోపలి వెడల్పు), 20 జౌల్స్ శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కే లైసెన్సు అక్కర్లేదు. నాది 10 జౌల్స్ వచ్చింది, బతికిపోయాను. అదే పెల్లెట్ 1,200 అడుగులతో వెళితే 35 జౌల్స్ అవుతుంది, లైసెన్సు లేకుండా ఇంట్లో పెట్టుకోవడం నేరం. అమ్మేవాడి మాట నిజమైనా ఇరుక్కునేది మనమే.

వెనక్కి ఇస్తానని వెళ్తే డబ్బు ఇవ్వలేదు సరికదా, ‘ఇంకొంచెం పెట్టు అన్నా, .22కి బిగించే గొట్టం ఇప్పిస్తా’ అన్నాడు. తుపాకీ చప్పుడు తగ్గించే సామాను మన చట్టంలో నిషిద్ధ ఆయుధాల జాబితాలో ఉంది. ఇలాంటి మాట ఎవరైనా అంటే బేరం కూడా ఆడకండి, అక్కడి నుంచి వచ్చేయండి.

కొనేటప్పుడు ఎన్ని జౌల్స్, ఏ బరువు పెల్లెట్‌తో అన్నది బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే కొనకండి. నా బిల్లులో ‘ఎయిర్ గన్’ అని మాత్రమే ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాను, క్రోనోగ్రాఫ్ రీడింగు ఫొటోలు కూడా ఇచ్చాను. అమ్మాయి ప్రస్తుతానికి రేంజిలోనే ప్రాక్టీసు చేస్తోంది.