ఇంక్‌జెట్ ఫొటో ప్రింట్లలో స్పష్టత: లైట్‌రూమ్ ప్రింట్ సెట్టింగులపై దీర్ఘకాల వినియోగ సమీక్ష

ఎప్సన్ ఎల్1800 ప్రింటర్‌నూ, ఫొటోలను సవరించే సాఫ్ట్‌వేర్ అడోబీ లైట్‌రూమ్ క్లాసిక్‌లో ముద్రణకు ఉన్న విభాగం ప్రింట్ మాడ్యూల్‌నూ కొన్నేళ్లుగా కలిపి వాడుతున్నాను. నేను ముద్రించేవి ఎక్కువగా చేనేత చీరల ఫొటోలు, పెళ్లి ఫొటోలు. గద్వాల చీర అంచులో జరీ పోగులు, పెళ్లికూతురి కనురెప్పల వెంట్రుకలు కాగితం మీద విడివిడిగా కనిపించాలంటే ఏ సెట్టింగు ఎంత పని చేస్తుందో ఈ వాడకంలో బాగా తెలిసివచ్చింది. ప్రింట్ స్పష్టత ప్రింటర్ పెట్టె మీద రాసి ఉండే డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు) అంకెను బట్టి రాదని, ఫొటోను చివరి కొలతకు మార్చే పని ఏ సాఫ్ట్‌వేర్ చేస్తోంది, ఆ మార్పు తర్వాత షార్పెనింగ్ (అంచులను పదునుగా చూపే సవరణ) ఎంత పడుతోంది అన్న రెండు విషయాలను బట్టే వస్తుందని నా గట్టి అభిప్రాయం.

ఈ ప్రింటర్ గరిష్ఠ రిజల్యూషన్ 5760×1440 డీపీఐ. సిరా చుక్కలను ఎంత దగ్గర దగ్గరగా వేయగలదో చెప్పే లెక్క అది. ఫొటోలోని ఒక్క పిక్సెల్ రంగు చూపడానికే ఆరు రంగుల సిరాల నుంచి ఎన్నో చుక్కలు కలవాలి కనుక, ఫొటోను కూడా అంత రిజల్యూషన్‌లో పంపాలనుకోవడంలో అర్థం లేదు. కంప్యూటర్‌లో ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్ ఫొటోను స్వీకరించే రిజల్యూషన్ వేరు. ఎప్సన్ ఫొటో ప్రింటర్లలో అది సాధారణంగా అంగుళానికి 360 పిక్సెళ్లు, అత్యున్నత నాణ్యతలో 720. కెనాన్ వాటిలో 300, 600. మనం ఈ అంకెలకు పొసగని రిజల్యూషన్‌లో ఫొటో పంపితే డ్రైవరే దాన్ని తన లెక్కకు మార్చుకుంటుంది. ఆ మార్పు లైట్‌రూమ్ చేసే మార్పంత నాణ్యంగా ఉండదు, పైగా అప్పటికే వేసిన షార్పెనింగ్‌ను కొంత చెరిపేస్తుంది.

అందుకే ప్రింట్ మాడ్యూల్‌లో ‘ప్రింట్ రిజల్యూషన్’ గడిని ఎప్పుడూ టిక్ చేసి, అంకెను నేనే ఇస్తాను. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఇచ్చే 6000×4000 ఫొటోను 12×18 అంగుళాలకు వేస్తే అంగుళానికి 333 పిక్సెళ్లు వస్తాయి, దాన్ని 360కి పెంచుతాను. అదే ఫొటోను 8×12కు వేస్తే 500 వస్తాయి. వాటిని 360కి తగ్గించి ఉన్న వివరాన్ని వదులుకోవడం కంటే 720కి పెంచడం మేలు. ఈ రెండింటి మధ్య తేడా గ్లాసీ పేపర్ మీద, అదీ ఏటవాలుగా సాగే సన్నని గీతల్లోనే తెలుస్తుంది. భూతద్దం కింద చూస్తే, 360లో జరీ అంచు మలుపు దగ్గర పోగులు ఒకదానిలో ఒకటి కలిసిపోగా, 720లో వాటి మధ్య నీడ నిలిచి ఉంది. మ్యాట్ పేపర్ మీద సిరా కొద్దిగా పరుచుకుంటుంది కాబట్టి అక్కడ 720 వల్ల నాకు ప్రయోజనం కనిపించలేదు.

షార్పెనింగ్ గురించి ఎక్కువ చెప్పాలి. కెమెరా మెత్తదనానికి ఒకటి, ఫొటోలో మనకు నచ్చిన చోటుకు ఒకటి, చివరి ప్రింటుకు ఒకటి అని షార్పెనింగ్‌ను మూడు దశలుగా విడదీసి చెప్పినవాడు డిజిటల్ ఫొటోగ్రఫీ రచయిత బ్రూస్ ఫ్రేజర్. ఆయన, సహచరులు కలిసి నడిపిన పిక్సెల్‌జీనియస్ సంస్థ పరిజ్ఞానమే 2008లో లైట్‌రూమ్ 2 ద్వారా ప్రింట్ మాడ్యూల్‌లోకి వచ్చింది. పైకి కనిపించేవి లో, స్టాండర్డ్, హై అనే మూడు మెట్లు, గ్లాసీ, మ్యాట్ అనే రెండు రకాల పేపర్లు మాత్రమే అయినా, ఎంత షార్పెనింగ్ వేయాలన్నది ప్రింట్ కొలతకు తగ్గట్టు లోపలే లెక్కవుతుంది. గ్లాసీకి స్టాండర్డ్, మ్యాట్‌కు హై నాకు స్థిరపడిన ఎంపికలు. ముఖం దగ్గరగా ఉన్న ఫొటోలకు ‘లో’ చాలు.

పోచంపల్లి ఇక్కత్ విషయంలో మాత్రం ఈ నియమం పక్కన పెడతాను. నూలును ముందే కట్టుకట్టి, రంగులద్ది, ఆ తర్వాత నేయడం వల్ల ఇక్కత్ బొమ్మల అంచులు సహజంగానే ఈకల్లా విడిపోయి ఉంటాయి. హై షార్పెనింగ్ ఆ అంచులను గట్టిపరిచి, నేతను అచ్చు వేసిన గుడ్డలా చూపిస్తుంది. నేసినవారి పనిని ఉన్నదున్నట్టు చూపించడం నాకు ముఖ్యం, అందుకే అక్కడ ‘లో’ మెట్టు దాటను.

డ్రైవర్ వైపు పని తక్కువే. పేపర్ రకం సరిగ్గా ఎంచుకోవాలి, క్వాలిటీ హైలో ఉండాలి, సిరా చల్లే హెడ్ రెండు వైపులా కదులుతూ ముద్రించే హై స్పీడ్ గడిలో టిక్ తీసేయాలి. రంగులను లైట్‌రూమ్‌కు అప్పగించినప్పుడు డ్రైవర్‌లో ‘నో కలర్ అడ్జస్ట్‌మెంట్’ పెట్టాలి. బార్డర్‌లెస్ ముద్రణలో డ్రైవర్ ఫొటోను కాస్త సాగదీస్తుంది, అంటే మనం జాగ్రత్తగా ఇచ్చిన 360 మళ్లీ మారిపోతుంది. స్పష్టత కావలసిన ప్రింటుకు తెల్ల అంచు వదలడమే మంచిది. లైట్‌రూమ్‌లో ‘డ్రాఫ్ట్ మోడ్ ప్రింటింగ్’ టిక్ అయి ఉంటే రిజల్యూషన్, షార్పెనింగ్ ఎంపికలు రెండూ పనిచేయవు కాబట్టి ముందుగా అది చూసుకోవాలి. చాలాకాలం వాడని ప్రింటర్‌కు నాజిల్ చెక్ (సిరా రంధ్రాల తనిఖీ), హెడ్ అలైన్‌మెంట్ (హెడ్‌ను సరిచేయడం) చేయకుండా ఈ సెట్టింగులను పోల్చి చూడటం వృథా.

విండోస్‌లో క్యూఇమేజ్ అనే ఫొటో ముద్రణ సాఫ్ట్‌వేర్ కూడా వాడి చూశాను. డ్రైవర్ రిజల్యూషన్‌ను అదే తెలుసుకుని, ఫొటోను ఆ లెక్కకు మార్చి, షార్పెనింగ్ కూడా తానే వేస్తుంది. ఒకే షీటుపై రకరకాల కొలతలు వేసే స్టూడియోలకు ఇది లైట్‌రూమ్ కంటే అనువైనది. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ ఫొటోను 12×16కు పెంచితే అంగుళానికి 250 పిక్సెళ్లే మిగులుతాయి, అలాంటి చోట నా కంటికి క్యూఇమేజ్ ప్రింటే కాస్త మెరుగు. చేయి చాపినంత దూరం నుంచి చూసే ప్రింటుకు ఆ తేడా పట్టదు. కానీ చీర ఫొటోను చేతికిస్తే ఎవరైనా కళ్ల దగ్గరకే తీసుకుంటారు, 30 సెంటీమీటర్ల దూరంలో మన కన్ను అంగుళానికి దాదాపు 290 పిక్సెళ్ల వరకు విడదీసి చూడగలదు.

ప్రింట్ షార్పెనింగ్ ఫలితాన్ని లైట్‌రూమ్ తెరపై చూపించదు. అందుకని పెద్ద ప్రింటుకు ముందు, ఫొటోలో అత్యంత సన్నని వివరమున్న భాగాన్ని అసలు కొలతలోనే, అదే పేపర్ ముక్క మీద స్టాండర్డ్‌లోనూ, హైలోనూ వేసి, సిరా పూర్తిగా ఆరాక పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి ఎంచుకుంటాను.