చెన్నైలో తెలుగింటికి ఆత్తంగుడి టైల్సా, విట్రిఫైడా?

ఇల్లు అలంకరించమని పిలిస్తే నేను ముందు రంగుల మాట ఎత్తను. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, రోజూ ఇల్లు తుడిచేది ఎవరు అని అడుగుతాను. ఆ జవాబుతోనే నేల సంగతి సగం తేలిపోతుంది.

ఈ మధ్య చాలామంది ఆత్తంగుడి టైల్స్ కావాలంటున్నారు. శివగంగ జిల్లాలో, చెట్టినాడు ప్రాంతంలోని ఆత్తంగుడిలో వీటిని చేత్తో చేస్తారు. గాజు పలక మీద అచ్చు పెట్టి, రంగు కలిపిన సిమెంటు పోసి, పైన ఇసుక, సిమెంటు దట్టించి, తర్వాత నీళ్లలో నానబెడతారు. బట్టీలో కాల్చరు. ఆ నునుపు గాజు ఇచ్చిందే. ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు, నడిచేకొద్దీ మెరుపు తేలుతుంది. మే నెల మధ్యాహ్నం వాటి మీద చాప లేకుండా పడుకుంటే ఎంత హాయో!

కానీ కాల్చని సిమెంటు మరకను పీల్చేస్తుంది. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే పైపొరను తినేస్తాయి. బాత్రూం యాసిడ్ అసలు తగలకూడదు. మడిపాక్కంలో ఒక పెద్దావిడ ముచ్చటపడ్డారని వంటగదిలోనూ అవే వేయించాను. ఆవకాయ కలిపిన మొదటి వేసవికే నూనె, పసుపు మరకలు పడ్డాయి. గట్టిగా వద్దని చెప్పాల్సింది నేనే. పైగా ఇవి మందంగా ఉంటాయి కాబట్టి పాత ఫ్లాట్లలో తలుపుల అడుగు కోయాల్సి రావచ్చు. పెయింటింగ్, వడ్రంగం పనులన్నీ అయ్యాకే వేయించాలి.

విట్రిఫైడ్ టైల్స్ అంటే మట్టి గాజులా గట్టిపడేలా దాదాపు 1200 డిగ్రీల వేడిలో కాల్చినవి. అవి పీల్చే నీరు 0.5 శాతం లోపే. పులుసు ఒలికినా తడిగుడ్డతో పోతుంది. అయితే మెరిసే రకం తడిస్తే జారుతుంది, అమ్మమ్మ తాతయ్య ఉన్న ఇంట్లో మెరుపు లేని మ్యాట్ రకమే వేయండి. వంటగదిలో టైల్స్ అతుకుల్లో ఎపాక్సీ గ్రౌట్ (మరక పట్టని రెజిన్ పూడిక) పెట్టించండి.

అద్దెకిచ్చే ఇల్లయినా, ఇద్దరూ ఉద్యోగాలకు పరుగెత్తే ఇల్లయినా మ్యాట్ విట్రిఫైడే మేలు. సొంతిల్లయి, రోజూ శ్రద్ధగా తుడిచే మనిషి ఉంటే హాల్లో, దేవుడి గది ముందు ఆత్తంగుడి వేయించుకోండి, టెన్షన్ అక్కర్లేదు.

మడిపాక్కం ఇంట్లో వంటగది నేల తీయించి మ్యాట్ విట్రిఫైడ్ వేశాం. దేవుడి గది ముందు మాత్రం ఆత్తంగుడి అలాగే ఉంది. పెద్దావిడ రోజూ దాని మీదే చిన్న ముగ్గు వేస్తారు.