బొమ్మరిల్లు: ప్లాస్టిక్‌దా, కిట్టా, వడ్రంగి చేసినదా?

మా తమ్ముడి కూతురికి ఐదో ఏడు వచ్చినప్పుడు, విజయనగరంలోని మా ఇంట్లో బొమ్మరిల్లు విషయమై మూడు మాటలు లేచాయి. దుకాణంలో సిద్ధంగా దొరికే ప్లాస్టిక్ ఇల్లు కొందామని తమ్ముడు, ముక్కలు అతికించి కట్టుకునే చెక్క కిట్ తెప్పిద్దామని కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి, వడ్రంగి చేత చేయిద్దామని నేను. ఏడాదిన్నరలో ఆ మూడూ మా ఇంటికి వచ్చాయి కాబట్టి, ఏది మేలో అనుభవం మీదే చెప్పగలను.

ధర కంటే ముందు చూడవలసింది కొలత. బుల్లి ఇళ్లను సేకరించేవారు ఎక్కువగా 1:12 నిష్పత్తి పాటిస్తారు. అంటే అసలు ఇంట్లో అడుగు బొమ్మరింట్లో అంగుళం. 9 అడుగుల ఎత్తు గది 9 అంగుళాలకూ, ఐదున్నర అడుగుల మనిషి ఐదున్నర అంగుళాలకూ దిగివస్తారు. బార్బీ బొమ్మ ఎత్తు పదకొండున్నర అంగుళాలు, నిష్పత్తి సుమారు 1:6. ఆ నిష్పత్తిలో అంతస్తుకు 18 అంగుళాల చొప్పున మూడంతస్తులు కడితే ఇల్లు నాలుగున్నర అడుగులు అవుతుంది, అంటే ఆడుకునే ఐదేళ్ల పిల్ల కంటే ఎత్తు.

ప్లాస్టిక్ ఇల్లు తేలిక, కడుక్కోవచ్చు, అంచులు గుచ్చుకోవు. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి కనుక అది చూసే కొనాలి. అయితే మేము కొన్నదానిలో మెట్ల కొక్కెం నాలుగు నెలలకే విరిగింది, విడి ముక్క ఎక్కడా దొరకలేదు. అంతకంటే పెద్ద లోపం, పొయ్యి, అల్మారా అన్నీ గోడలకు అచ్చుపోసి ఉండడం. అందులో స్నానాల తొట్టి ఉంది, అరుగు లేదు. పిల్ల ఆ తొట్టిని బోర్లించి వాకిట్లో అరుగుగా పెట్టుకుంది. దాన్ని చూశాకే నేను వడ్రంగి దగ్గరకు వెళ్లాను.

కిట్ సంగతి వేరు. మాకు వచ్చింది 1:24ది. గది ఎత్తు నాలుగున్నర అంగుళాలే కావడంతో పిల్ల చెయ్యి లోపల తిరగదు. పట్టకారుతో బియ్యపు గింజంత దీపాన్ని అతికిస్తూ మా అమ్మాయి సెలవులన్నీ ఆనందంగా గడిపింది. నిజానికి బొమ్మరిల్లు అన్ని కాలాల్లోనూ పిల్లల వస్తువు కాదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉన్న పెట్రొనెల్లా ఊర్ట్‌మన్ బొమ్మరిల్లు 17వ శతాబ్దం చివర ఒక సంపన్న గృహిణి తన కోసం చేయించుకున్నది. మన రాష్ట్రపతి భవన్‌ను రూపొందించిన లుట్యెన్స్ 1920లలో ఇంగ్లండు రాణి మేరీ కోసం 1:12లో కట్టించిన ఇల్లు కూడా చూసి ఆశ్చర్యపోవడానికే. కిట్లు ఆ కోవకే చెందుతాయి. మా కోస్తా గాలి తేమకు దాని చెక్క గోడ అడుగున ఉబ్బింది కూడా.

వడ్రంగి చేసినది రెండడుగుల వెడల్పు, రెండంతస్తులు, నాలుగు గదులు. ముందువైపు గోడ లేదు కాబట్టి ముగ్గురు పిల్లలు ఒకేసారి చేతులు పెట్టగలరు. అంచులన్నీ గరుకు కాగితంతో నున్నగా రుద్దించాను, మేకులు వద్దని మరలు పెట్టించాను. ముందు రెండంగుళాల అరుగు, పైన తీసిపెట్టుకునే పెంకుల కప్పు. గట్టి అట్ట పైపొర ఒలిస్తే కనిపించే మడతలే పెంకులు. పొందూరు ఖద్దరు పీలిక దుప్పటి, అగ్గిపెట్టెలు బీరువా సొరుగులు.

వంటగదికి ఏటికొప్పాక లక్కపిడతలు తెచ్చాను. అంకుడు కర్రను లేతు మీద తిప్పి లక్క రంగులు ఎక్కించిన ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయితే రెండంగుళాల గిన్నె ఈ కొలతలో రెండడుగుల గంగాళం అవుతుంది. పొరపాటు చేశానని బాధపడుతుంటే, పిల్ల ఆ గిన్నెను వాకిట్లోకి జరిపి, "మన ఇంట్లో పెళ్లి కదా అత్తా, వంటలు బయటే" అంది.

అందుకే ఐదు నుంచి పదేళ్ల వరకు నా ఓటు వడ్రంగి ఇంటికే, ఆడపిల్లలకైనా మగపిల్లలకైనా. మూడేళ్లలోపు పిల్లలు ఆడుకునే ఏ బొమ్మరింట్లోనూ మింగగలిగేంత చిన్న సామాను ఉండకూడదు. కిట్ పన్నెండేళ్లు దాటాక ఇవ్వాలి. వడ్రంగి దొరకనివారు నాలుగు బూట్ల పెట్టెలను నిలువుగా, తెరిచిన వైపు ముందుకు ఉండేలా జోడిస్తే, 1:12 బొమ్మలు హాయిగా నిలబడే ఇల్లు ఒక పూటలో తయారవుతుంది.