ఓసీడీ క్లినిక్: మందుల దగ్గర ఉన్న శ్రద్ధ థెరపీ దగ్గర లేదు

మా తమ్ముడు ఓసీడీకి (వద్దన్నా వచ్చే ఆలోచనలతో, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బు) చికిత్స పొందుతున్న హైదరాబాదు క్లినిక్ గురించిన సమీక్ష ఇది. పేరు రాయడం లేదు గానీ, ఇలాంటి చోటికి వెళ్లేవారు ముందుగా ఏమి అడిగి తెలుసుకోవాలో ఇందులో దొరుకుతుంది.

ఇక్కడి సైకియాట్రిస్టు ఓపికను మెచ్చుకోవాలి. చేతులు పదేపదే కడుక్కోవడాన్ని చాదస్తమని కొట్టిపారేసే మా నాన్నగారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆయన కాగితం మీద మెదడు బొమ్మ గీశారు. కళ్లకు పైన ఉండే ఆర్బిటోఫ్రాంటల్ కార్టెక్స్‌కూ, లోపల ఉండే కాడేట్, థాలమస్‌లకూ మధ్య సాగే సంకేతాల వలయం ఈ జబ్బులో అతిగా పనిచేస్తుందని, ‘చేతులు శుభ్రమయ్యాయి, ఇక చాలు’ అన్న తృప్తి అందువల్లే కలగదని వివరించారు. వంశపారంపర్యం పాత్ర ఉన్నా ఏ ఒక్క జన్యువునో కారణంగా చూపలేమని, మెదడులోని సెరటోనిన్ అనే రసాయనంపై పనిచేసే మందుతో గుణం కనిపించినంత మాత్రాన సెరటోనిన్ లోపమే జబ్బుకు మూలమని అనలేమని కూడా చెప్పారు. స్కాన్ తీయించమంటారా అని అడిగితే, ఓసీడీని నిర్ధారించే స్కాన్ గానీ రక్తపరీక్ష గానీ లేవని చెప్పి ఆ ఖర్చు తప్పించారు.

మావాడికి రాసిన మందు, సెరటోనిన్‌పై పనిచేసే సెర్ట్రలిన్. డిప్రెషన్‌కు ఇచ్చే మోతాదు కంటే ఓసీడీకి తరచుగా ఎక్కువ మోతాదు అవసరమవుతుందని, 8 నుంచి 12 వారాలు చూడనిదే ఫలితం తేల్చుకోకూడదని మొదటి రోజే చెప్పడం వల్ల, వికారంతో నిద్ర చెదిరిన తొలి రోజుల్లో కూడా మావాడు మాత్రలు మానలేదు. అమెరికాలో 1989లో ఓసీడీకి అనుమతి పొందిన తొలి మందు క్లోమిప్రమిన్ బాగా పనిచేసేదే అయినా, నోరు ఎండిపోవడం, మలబద్ధకం, గుండె లయపై ప్రభావం వంటి ఇబ్బందుల వల్ల దానిని తరువాతి వరుసలో ఉంచుతారట. ప్రతి రివ్యూలోనూ ఓసీడీ తీవ్రతను కొలిచే యేల్-బ్రౌన్ స్కేలుపై 40కి ఎంత వచ్చిందో ఫైలులో రాస్తారు.

చిక్కంతా ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) దగ్గర వచ్చింది. భయపడే వస్తువును తాకించి, కడుక్కోకుండా కూర్చోబెట్టే ఈ థెరపీ, మందుతో సమానంగా నిలిచే చికిత్స. 1992లో లాస్ ఏంజెలెస్ పరిశోధకులు తీసిన, మెదడు చురుకుదనాన్ని చూపే పెట్ స్కాన్లలో, మందుతో మెరుగైనవారిలోనే కాక ప్రవర్తన చికిత్సతో మెరుగైనవారిలో కూడా కాడేట్ చురుకుదనం తగ్గినట్టు కనిపించింది. మొదట్లో ఇక్కడ కూడా బాగానే చేశారు. మావాడి చేత బాత్రూమ్ తలుపు గడియ పట్టించి, ఆందోళన వందకు ఎంత ఉందో కాసేపటికోసారి అడిగి రాసుకున్నారు. అరచేతులు తొడలకు తగలకుండా గాలిలో పట్టుకుని కూర్చున్నవాడు, సెషన్ ముగిసేసరికి అవే చేతులతో మంచినీళ్ల సీసా అందుకున్నాడు. ఆ థెరపిస్టు మానేశాక వచ్చినవారు మాత్రం శ్వాస వ్యాయామాలు చేయించి, ఇంటి దగ్గర చేయాల్సిన అభ్యాసాల కాగితం వంక చూడకుండానే పంపేస్తున్నారు. ఫీజు మాత్రం పైసా తగ్గలేదు.

పైగా రిసెప్షన్‌లో టీఎంఎస్ (తల మీద నుంచి అయస్కాంత తరంగాలతో మెదడును ఉత్తేజపరిచే చికిత్స) ప్యాకేజీ అంటగట్టబోయారు. అమెరికాలో అందులో ఒక రకమైన డీప్ టీఎంఎస్‌కు 2018లో ఓసీడీ విషయంలో అనుమతి లభించింది నిజమే, కానీ అది ఇతర చికిత్సకు తోడుగా వాడేందుకే. మందుకు గుణం కనిపిస్తున్నవాడికి అది ఎందుకని డాక్టరుగారే వద్దన్నారు.

మందుల కోసమైతే నిస్సందేహంగా వెళ్లవచ్చు. థెరపీ కోసం చేరేముందు, ఈఆర్‌పీ ఎవరు చేస్తారో, ఎందరికి చేశారో అడగండి. బెంగళూరు వెళ్లగలిగినవారికి అక్కడి జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ప్రత్యేక ఓసీడీ క్లినిక్ ఉంది. ఎక్కడికి వెళ్లాలో తోచనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.