క్లాసుకి రానక్కర్లేదని చెప్పి అమ్మే ఎల్‌ఎల్‌బీ సీటు కొనకండి

డిగ్రీ ఎప్పుడో అయిపోయి, ఉద్యోగం చేసుకుంటూ మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేద్దామని చూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. "క్లాసులకి రానక్కర్లేదు, పరీక్షలకి వస్తే చాలు" అన్న మాట నమ్మి అడ్వాన్సు కట్టబోతున్నవాళ్లు దయచేసి ఒక్క రోజు ఆగండి. నేను ఆగలేదు. 1,10,000 రూపాయలు, ఒక ఏడాది పోయాయి.

నాకు 36 ఏళ్లు. బీకాం చేసి 12 ఏళ్లుగా ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. మా నాన్నగారు పొలం గట్టు కేసు పట్టుకుని ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగారు. నేనూ చాలా వాయిదాలకి ఆయన వెంట వెళ్లాను. లోపల ఏం మాట్లాడుకున్నారో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. బయటికొచ్చాక "ఏమన్నారమ్మా?" అని ఆయన నన్నడిగితే చెప్పలేకపోయేదాన్ని. లా చదవాలన్న కోరిక నాకు అక్కడ పుట్టింది.

తెలిసినవాళ్ల ద్వారా ఒక అడ్మిషన్ కన్సల్టెన్సీకి వెళ్లాను. అక్కడాయన చాలా మర్యాదగా మాట్లాడాడు. "లాసెట్ (లా ప్రవేశ పరీక్ష) మీ వల్ల కాదు మేడమ్, ఇన్నేళ్ల గ్యాప్ వచ్చింది. పైగా వయసు దాటిపోతోంది. పక్క రాష్ట్రంలో మనకి తెలిసిన కాలేజీ ఉంది, అటెండెన్స్ వాళ్లే చూసుకుంటారు" అన్నాడు. మూడేళ్లకీ కలిపి 1,80,000 రూపాయల ప్యాకేజీ. చివర్లో బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్‌కి, అంటే అడ్వకేట్‌గా పేరు నమోదుకి, ఇంకో 40,000 అవుతుందట.

ఇందులో ఒక్కటీ నిజం కాదని తర్వాత తెలిసింది. లాసెట్ 120 ప్రశ్నలు, 120 మార్కులు, గంటన్నర పరీక్ష. నెగెటివ్ మార్కులు లేవు. 35 శాతం, అంటే 42 మార్కులొస్తే క్వాలిఫై అవుతారు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకి ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. మంచి కాలేజీ కావాలంటే మంచి ర్యాంకు రావాలి, అది వేరే సంగతి. వయసు విషయానికొస్తే, మూడేళ్ల కోర్సుకి 30 ఏళ్లు దాటకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2016లో ఇచ్చిన ఉత్తర్వును 2017లో సుప్రీంకోర్టు నిలిపేసింది. ఇక ఎన్‌రోల్‌మెంట్ ఫీజు. చట్టంలో ఉన్నదానికంటే ఎక్కువ వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు 2024 జులైలో తీర్పు చెప్పింది. జనరల్ వాళ్లకి 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకి 125. స్టాంపు ఖర్చులు విడిగా ఉంటాయనుకున్నా 40,000 ఎక్కడ, ఇది ఎక్కడ?

నేను ఇవేవీ చూసుకోకుండా 1,10,000 కట్టేశాను. రసీదు 35,000కే ఇచ్చారు. మిగతాది "డొనేషన్" అని ఒక తెల్ల కాగితం మీద పెన్సిల్‌తో అంకె రాసి, కింద పొట్టి సంతకం పెట్టి చేతిలో పెట్టారు. వెరిఫికేషన్ కోసమని ఒరిజినల్ టీసీ, డిగ్రీ మెమోలు తీసుకుని వెనక్కివ్వలేదు.

రెండో సెమిస్టర్ హాల్ టికెట్ కోసం కాలేజీకి వెళ్లిన రోజు నేను మర్చిపోలేను. క్లర్కు ఇంకెవరి కోసమో హాజరు రిజిస్టర్ తిరగేస్తున్నాడు. అందులో నా పేరు కనబడితే చూస్తానని అడిగాను. నా వరుసలో వారానికి ఐదారు రోజులు సంతకాలున్నాయి. నా పేరే, కానీ రాత నాది కాదు. కింది పది వరుసల్లోనూ అదే నీలి ఇంకు, అదే చెయ్యి. మార్చి 31 గడి దగ్గర నా వేలు ఆగిపోయింది. ఆ రోజు ఇయర్ ఎండింగ్. పొద్దున తొమ్మిదింటికి ఆఫీసులో వేలిముద్ర వేసి, పుస్తకాలు క్లోజ్ చేసి రాత్రి పదిన్నరకి ఇంటికెళ్లాను. ఆఫీసు బయోమెట్రిక్‌లో అది భద్రంగా ఉంది. ఇక్కడ మాత్రం ఆ రోజు కాంట్రాక్ట్ లా క్లాసులో కూర్చున్నట్టుంది.

తర్వాత ఒక డిక్లరేషన్ ఫారం నా ముందు పెట్టారు. తరగతులకి క్రమం తప్పకుండా హాజరయ్యాననీ, ఎక్కడా ఉద్యోగం చేయడం లేదనీ అందులో ఉంది. "అందరూ పెట్టేదే మేడమ్, సంతకం పెట్టండి" అన్నాడు క్లర్కు. చెయ్యి ఆడలేదు. పెట్టకుండానే వచ్చేశాను.

ఇది ఊరికే ఫార్మాలిటీ అనుకోకండి. బార్ కౌన్సిల్ 2008 నాటి లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్‌లో ప్రతి సబ్జెక్టుకీ 70 శాతం హాజరు పెట్టారు. వారానికి కనీసం 30 గంటల బోధన జరగాలి. వీకెండ్ ఎల్‌ఎల్‌బీ అన్నది అందులో ఎలా ఇముడుతుందో మీరే లెక్కేసుకోండి. దూరవిద్యలో చేసిన ఎల్‌ఎల్‌బీతో అడ్వకేట్‌గా ఎన్‌రోల్ కాలేరు. 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ నుంచి కాలేజీలన్నిటికీ వెళ్లిన సర్క్యులర్‌లో బయోమెట్రిక్ హాజరు, సీసీటీవీ గురించి చెప్పారు. చదువుకుంటూ ఉద్యోగం చేస్తుంటే ఆ సంగతి దాచకుండా చెప్పాలి, యజమాని నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి.

నాకు ఎక్కువ భయం వేసింది ఇంకో విషయానికి. అడ్వకేట్స్ చట్టం, 1961లో 26వ సెక్షన్ ఉంది. ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పి గానీ మోసంతో గానీ రోల్‌లో (అడ్వకేట్ల జాబితాలో) చేరినట్టు తేలితే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆ పేరు తీసేయవచ్చు. అంటే మూడేళ్లు గడిచి, నల్లకోటు వేసుకుని, మా నాన్న లాంటి వాళ్ల కేసులు చేతిలో ఉన్నప్పుడు కూడా, ఎవరో ఒకరు ఆ రెండు హాజరు పట్టీలు పక్కపక్కన పెడితే చాలు. ఆ రోజు కన్సల్టెన్సీ ఆయన ఫోన్ కూడా ఎత్తడు.

సీటు తీసుకునే ముందు బార్ కౌన్సిల్ వెబ్‌సైట్లో కాలేజీ పేరు ఉందో లేదో చూడండి. పేరుంటే సరిపోదు, అనుమతి ఏ విద్యా సంవత్సరం వరకు ఉందో కూడా చూడాలి. మీ డిగ్రీ మార్కులు 45 శాతం, ఓబీసీ అయితే 42, ఎస్సీ, ఎస్టీ అయితే 40 దాటాయో లేదో మీరే లెక్క చూసుకోండి. తర్వాత ఏ మంగళవారమో పొద్దున పదకొండింటికి, ముందు చెప్పకుండా కాలేజీకి వెళ్లండి. క్లాసులో మనుషులుండాలి. నేను వెళ్లినప్పుడు, విద్యార్థులు కేసు వాదించడం సాధన చేసే మూట్ కోర్టు హాల్లో విరిగిన కుర్చీలు పేర్చి ఉన్నాయి. లైబ్రరీలో ఐపీసీ పుస్తకాలు తప్ప భారతీయ న్యాయ సంహిత ఒక్క కాపీ లేదు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో అమల్లో ఉన్న చట్టమది! ప్యాకేజీలో నాకిచ్చిన మెటీరియల్ కూడా పాత ఐపీసీ, సీఆర్‌పీసీ నోట్సే.

కాలేజీ ఖాతాకి కాకుండా మనిషి నంబరుకి యూపీఐ చేయమంటే చేయకండి. ఒరిజినల్స్ చూపించి, వెరిఫై చేయించి, వెంటనే వెనక్కి తెచ్చుకోండి. వాటిని కాలేజీ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. దాన్నే ప్రస్తావిస్తూ నేను ప్రిన్సిపాల్‌కి రిజిస్టర్డ్ పోస్టులో లేఖ రాసి, కాపీ యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కి పంపాను. మూడు వారాల్లో టీసీతో సహా అన్నీ ఇచ్చారు. అంతకుముందు నాలుగు నెలలు తిప్పారు.

డబ్బు మాత్రం రాలేదు. ఇప్పటికే కట్టేసినవాళ్లు ఇది ముఖ్యంగా చూడండి. అదే నోటిఫికేషన్ ప్రకారం అడ్మిషన్లకి ప్రకటించిన చివరి తేదీకి 15 రోజుల ముందే మానేస్తే ఫీజు మొత్తం వెనక్కివ్వాలి. తర్వాత తగ్గుతూ పోతుంది. చివరి తేదీ దాటి నెల గడిస్తే పైసా రాదు. నేను తెలుసుకునేసరికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. మానేయాలనుకుంటే ఫోన్లో చెప్పి ఊరుకోకండి. ఈ రోజే ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, కాలేజీకి ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి.